అయిదో రకం జంతికలు

జూన్ 9, సోమవారం

కాశీబుగ్గ ఎరువుల షాపు వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఇవాళ్టి నుంచి ఇందులో జంతికల కొలతలు రాసుకుంటాను. ఇంకొకరు చదవడానికి కాదు. ఏ పిండి ఎంత వేశానో మర్చిపోతే మళ్లీ మొదటికి రావాలి, అందుకని.

ఇందు టెక్కలి హాస్టల్ నుంచి వస్తూ ఒక ప్యాకెట్ తెచ్చింది. పైన కండలు తిరిగిన మనిషి బొమ్మ, పక్కన 'హై ప్రొటీన్ జంతికలు' అని. విరిస్తే చప్పుడే లేదు, అట్టముక్క విరిచినట్టుంది. వాము లేదు, నువ్వులు లేవు. కాలేజీలో అందరూ ఇవే తింటున్నారట. "అమ్మా, నువ్వు చేస్తే వీళ్లు దుకాణం కట్టేసుకోవాలి" అంది. నన్ను ఎక్కడ గిల్లితే లేస్తానో నా కూతురికి తెలుసు.

పలాసలో నాలుగు షాపులకు పద్నాలుగేళ్లుగా జంతికలు వేస్తున్నాను. ప్రొటీన్ జంతిక ఎలా ఉండాలో నేను చూపిస్తాను.

మావ ఆ ప్యాకెట్లోవి రెండు తిని పక్కన పెట్టేశాడు. మావ అంటే మా ఆయన తిరుమలరావు. మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా పిలుపు మారలేదు. ఈ మధ్య మావకి నోరు బాగోలేదు. అన్నం ఇనుము తిన్నట్టుంటుందట. పోయిన వారం కిడ్నీల క్యాంపులో రక్తం తీస్తే క్రియాటినిన్ 2.9 వచ్చింది, ఒకటి దగ్గర ఉండాలట. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఇల్లు లేదు, ఎవరు ఎదురుపడినా వాన పడుతుందా అని అడిగినట్టు "నీదెంత?" అని అడుగుతారు. మావ ఇన్నాళ్లూ "నాకు లేదురా" అనేవాడు. ఇప్పుడు మాకూ ఒక అంకె వచ్చింది.

జూన్ 12, గురువారం

సన్యాసయ్య బావని పలాస ఆస్పత్రికి తీసుకెళ్లాం. మావకి అన్న. నాకు ఈయనా మేనమామే, పెళ్లయ్యాక బావ అనడం అలవాటైంది. పెళ్లాం పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే తింటున్నాడు. సోమవారం, గురువారం డయాలసిస్ మెషీన్. మొదట్లో మనిషి మంచం దిగలేదు. ఇప్పుడు జీడితోటకి నడిచి వెళ్లి వస్తున్నాడు.

అశ్విని సిస్టర్ బావని కేకలేసింది. గుడ్డు తెల్లసొన తినడం లేదని, ప్రొటీన్ తగ్గితే మనిషి చిక్కిపోతాడని. నాకొక కాగితం ఇచ్చింది. గుడ్డు, చేప, పప్పు, సోయా, ఏది ఎంత తినాలో అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి పొయ్యి పక్క గోడకి అంటించాను.

క్యాంపు డాక్టరు మావకి చెప్పింది వేరు. ఉప్పు తగ్గించు, పప్పులూ మాంసమూ తగ్గించు, నెల నెలా వచ్చి చూపించుకో అన్నాడు. ఆయన వెనకాల నలభై మంది వరసలో ఉన్నారు. ఒక్కొక్కరికి అర నిమిషం. తల ఎత్తి మావ మొహం చూశాడో లేదో. అశ్విని సిస్టర్ రోజుకి ఎంతమంది కిడ్నీల వాళ్లని చూస్తుంది! మనిషి నీరసపడిపోతుంటే తిండి తగ్గించమనడం ఏం వైద్యం?

రాత్రి భోజనాల దగ్గర రెండు మాటలూ మావకి చెప్పాను.

"నాకేటి తెల్సు. నువ్వేది పెడితే అది తింతాను" అన్నాడు.

అదే గోడ, అదే పొయ్యి, ఇద్దరూ అన్నదమ్ములు. ఒకరికొకటి, ఇంకొకరికొకటి వండమంటే ఎలా?

జూన్ 13

మొదటి రకం. బియ్యప్పిండి రెండు పాళ్లు, మినప్పిండి ఒకటి, పెసరపిండి ఒకటి. వాము, నువ్వులు, కాచిన నూనె. ఉప్పు సగమే వేశాను. డాక్టరు మాట నేను పూర్తిగా తీసిపారేయలేదు.

జంతికల గొట్టం తిప్పేసరికి చెయ్యి లాగేసింది. రంగు బాగా వచ్చింది గాని గట్టి. బావకి పళ్లు లేవు, చప్పరించి వదిలేశాడు. మావ నాలుగు తిన్నాడు. అన్నం నాలుగు ముద్దలు దిగని మనిషి నాలుగు జంతికలు తిన్నాడు. రుచి తెలియడం లేదట, కరకరలాడితే మాత్రం ఏదో తింటున్నట్టు ఉందట.

అంటే కరకరే మందు.

జూన్ 20

రెండో రకం. సోయాపిండి. కాగితంలో సోయాకి అన్నిటికంటే పెద్ద అంకె ఉంది. పిండి నూనెలో పడగానే ఎర్రబడిపోయింది, లోపల పచ్చి. వాసన పశువుల దాణాలా ఉంది. మళ్లీ పిండిని దోరగా వేయించి చేస్తే కొంత నయం. చప్పుడు మాత్రం బాగుంది. పక్క గదిలోంచి విన్నాను, మావ నమిలితే స్పష్టంగా వినబడింది.

షాపులకి మాత్రం పనికిరాదు. మావకి సరిపోతుంది.

జూన్ 21

గొట్టాన్ని మూడుసార్లు తోమాను. సోయా వాసన పోలేదు.

జూలై 2

మూడో రకం. పుట్నాలపప్పు పొడి, జీడిపప్పు నూక. నూక మా సొంత తోటది. తిత్లీ తుఫానులో పాత చెట్లన్నీ కూలిపోయాక మావ పెట్టిన మొక్కలు, ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. మావ బుట్టెడు పిక్కలు తెచ్చి ఒలిచి ఇచ్చాడు. మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయాడు.

జీడిపప్పు వేస్తే జంతిక నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. గొప్పింటి కోడల్లా పట్టుకుంటే విరుగుతుంది, నూనె పీల్చేస్తుంది. బావకి ఇదే నచ్చింది. మావ మాత్రం "బాగుందే" అన్నాడు. మొదటి రకానికీ అదే అన్నాడు. సోయాకీ అదే అన్నాడు. ఆ నోటిని నమ్ముకుని నేను పోటీ పెట్టుకున్నాను.

జూలై 7

మావ అంకె 3.8.

బావని మెషీన్ మీద పడుకోబెట్టి, మావ రక్తం ఇప్పించాను. ఎండాకాలం పనికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది. నీళ్లు కూడా సరిగ్గా తాగడు. క్యాన్ నీళ్లు కొనడం మొదలుపెట్టాను. బలం పెరగాలి.

జూలై 8

ఇందు ఫోన్ చేసింది. నాన్నకి పప్పు తగ్గించమన్నారు కదా అమ్మా, నువ్వేంటి సోయాలు పెడుతున్నావు అంది. ఎవరో లెక్చరర్ చెప్పాడట. పెదనాన్న ఏం తిని లేచాడో కళ్లారా చూశాను, నీ లెక్చరర్ ఎన్ని డయాలసిస్‌లు చూశాడో అడుగు అన్నాను. అది ఏడుపు గొంతుతో పెట్టేసింది.

పిల్ల కదా, దానికేం తెలుసు. సిస్టర్‌ని ఇంకోసారి అడుగుదాంలే అనుకున్నాను.

జూలై 10

మెషీన్ల దగ్గర ఇవాళ జనం ఎక్కువ. సిస్టర్‌కి తీరిక లేదు. అడగలేదు.

జూలై 15

నాలుగో రకం. మందుల షాపులో అమ్మే ప్రొటీన్ పొడి, డబ్బా పాలపొడిలా ఉంటుంది. నూనెలో వేసీ వేయగానే నల్లగా మాడింది. మూకుడుకి అంటుకుపోయింది. మొత్తం పిండి కోళ్లకి వేశాను. కోళ్లు కూడా చూసి వెళ్లిపోయాయి.

మిగిలిన పొడి పాలల్లో కలిపి మావకి ఇస్తున్నాను. పారేయలేను కదా.

జూలై 16

మావకి ఒళ్లంతా దురద. వీపు గోకి గోకి నా గోళ్లు నొప్పెట్టాయి. దద్దురు ఏమీ కనబడటం లేదు. వేపాకు నీళ్లతో స్నానం చేయించాను.

జూలై 24

కుదిరింది.

అయిదో రకం, ఉలవలు. మా తాత, అంటే మావ నాన్న, మూత్రంలో రాళ్లొస్తే ఉలవకట్టు తాగేవాడు. కిడ్నీకి ఉలవలు మంచివని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇన్నాళ్లూ నాకు తోచకపోవడం ఏమిటి? ఉలవలు మాడకుండా వేయించి, చల్లారాక మర పట్టించాను. బియ్యప్పిండి ఒకటిన్నర, ఉలవపిండి ఒకటి, సోయా పావు. కొద్దిగా వెన్న. గొట్టంలోంచి దారం లాగినట్టు వచ్చింది. విరిస్తే టక్కుమంది. డబ్బాలో పెట్టి మూడో రోజు మళ్లీ విరవాలి, అప్పుడు గాని చెప్పకూడదు.

మావ ఏడు తిన్నాడు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. నములుతూ నములుతూ నా వైపు చూసి నవ్వాడు. రెండు నెలలైంది ఆ నవ్వు చూసి. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, నూనె పొగ అని చెప్పాను.

జూలై 27

మూడో రోజు. టక్కుమంది.

ఆగస్టు 4

5.6. ఈసారి వేరే ల్యాబులో ఇచ్చాం. ల్యాబు ల్యాబుకి తేడా ఉంటుంది.

ఆగస్టు 10

ఇందు ఫోన్‌లో లేబుల్ తయారు చేసి పంపింది. అలక తీరినట్టుంది. 'హిమజ ఉలవ ప్రొటీన్ జంతికలు' అని నా పేరే పెట్టింది. కండల మనిషి వద్దన్నాను. నాలుగు షాపుల్లోనూ పెట్టాను. సాయంత్రానికి రెండు షాపుల వాళ్లు మళ్లీ తెమ్మన్నారు. కిడ్నీల వాళ్ల ఇళ్లకే ఎక్కువ వెళుతున్నాయట. ఉలవలు కదా.

ఆగస్టు 18

మావ అన్నం మానేశాడు. పొద్దున నాలుగు జంతికలు, సాయంత్రం నాలుగు, ప్రొటీన్ పాలు. పాదాలు వాచాయి. నోటి దగ్గరికి వెళితే ఒక వాసన. నోరు పుక్కిలించమన్నాను.

కనీసం అవైనా తింటున్నాడు. అవి లేకపోతే ఏమైపోయేవాడో.

ఆగస్టు 28, గురువారం

బావని తీసుకెళ్లాల్సిన రోజు మావనే మోసుకెళ్లాం. పొద్దున మూడు వాంతులు, ఆ తర్వాత ఎక్కిళ్లు, ఆ తర్వాత ఊపిరి అందలేదు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి "ఏమే, తోటకాడ మోటారు కట్టేసినానా?" అని అడిగాడు. కట్టేశావు మావా అన్నాను. మోటారు వేసి నెలైంది.

9.8.

మెడ దగ్గర గొట్టం వేసి మెషీన్ ఎక్కించారు. ఒకే గదిలో అన్నదమ్ములిద్దరూ.

ఆగస్టు 30

ఎలా రాయను.

అశ్విని సిస్టర్ నన్ను పక్కకి పిలిచి, ఇంత తొందరగా ఎలా పెరిగింది, ఏం తినేవాడు అని అడిగింది. నేను గర్వంగానే చెప్పాను. మీరిచ్చిన కాగితం ప్రకారమే పెట్టానండీ, ఒక్కరోజు కూడా తప్పలేదు అన్నాను. ఉలవలు, సోయా, పొడి, అన్నీ చెప్పాను.



"ఆ కాగితం మీ బావగారికిచ్చినాను. మెషీన్ ఎక్కినోలకమ్మా అది. మెషీన్ మీద ప్రొటీన్ బయటికెల్లిపోద్ది, అందుకు తినమంతాం. ఎక్కనోలకి తగ్గించాల. వోల కిడ్నీ ఆ బరువు మొయ్యలేదు."

కాగితంలో ఆ మాట ఎక్కడుంది అన్నాను, నేనేదో పోట్లాడబోతున్నట్టు. పైనే ఉంది. 'డయాలసిస్ చేయించుకునేవారి ఆహారం.' పెద్ద అక్షరాలు. రెండున్నర నెలలు రోజూ వంట చేస్తూ చదివాను.

ఎలాగూ వచ్చేదేనమ్మా, ఉద్దానం జబ్బు ఎవర్ని వదిలింది, ఇంకో ఏడాదో రెండేళ్లో ఆగేదేమో చెప్పలేం, మనసులో పెట్టుకోకు అంది సిస్టర్. నన్ను ఓదార్చాలనే అంది. ఏడాదో రెండేళ్లో.

మావ ఆ గదిలో ఉన్నాడు. వినలేదు.

ఆగస్టు 31

ఏడాదో రెండేళ్లో.

సెప్టెంబరు 3

గోడ మీది కాగితం తీసేశాను. బావ అడిగాడు, తడిసి చిరిగిపోయిందన్నాను.

సెప్టెంబరు 9

నాలుగు షాపులకీ వెళ్లి ప్యాకెట్లు వెనక్కి తెచ్చాను. ఇంట్లో మనిషికి బాగోలేదు, ఇంక చేయలేను అని చెప్పాను. అబద్ధమేమీ కాదు. ఇంక చేయననే చెప్పాను, ఎందుకో చెప్పలేదు. అమ్ముడైపోయినవి ఎవరి ఇళ్లకి వెళ్లాయో షాపు వాళ్లకి మాత్రం ఏం తెలుస్తుంది? తెచ్చినవన్నీ తోటలో గొయ్యి తీసి పూడ్చాను.

మావకి రేపు చెబుతాను.

సెప్టెంబరు 10

చెప్పలేదు. గొట్టం వేసిన చోట నొప్పిగా ఉందన్నాడు.

సెప్టెంబరు 15

చెప్పలేదు.

సెప్టెంబరు 25

మావ మెషీన్‌కి అలవాటు పడ్డాడు. వాంతులు తగ్గాయి. నోరు కొంచెం తెలుస్తోందట. మావకి మాట ఎక్కువ, పక్క మంచం వాళ్లందరినీ బంధువులు చేసేసుకున్నాడు. ఇవాళ అటు పక్కాయనతో చెబుతున్నాడు, ఆరు నెలల ముందే మెషీన్ ఎక్కాల్సిన వాడినట, పెళ్లాం జంతికలు తినిపించి ఇన్నాళ్లు నిలబెట్టిందట.

"మా యావిడ సేతిలో ఉన్నాదంతా" అన్నాడు.

నేను నీళ్ల సీసా కడిగే పని ఉందని బయటికి వచ్చేశాను.

అక్టోబరు 9

జంతికలు చేయవేంటే అని అడిగాడు. జంతికల గొట్టం బిళ్ల పోయిందన్నాను. అటక మీద ఉంది, నేనే పెట్టాను.

సిస్టర్‌ని అడిగాడట కూడా. ఇప్పుడు ప్రొటీన్ తినొచ్చు, తినాలి, నూనెవి తక్కువ, ఉప్పు లేకుండా అయితే అప్పుడప్పుడు నాలుగు పరవాలేదు అందట. ఆ మాట నాకు చెబుతూ పరీక్ష పాసయినవాడిలా ఉన్నాడు. అప్పుడు కూడదన్నదాన్ని ఇప్పుడు తినమంటున్నారు. ఈ వైద్యంతో నాకు పోట్లాట లేదు. నాతోనే నాకు పోట్లాట.

అక్టోబరు 16

చేశాను. అయిదో రకమే, ఉప్పు లేకుండా. వేరే ఏదైనా చేస్తే ఎందుకు మార్చావని అడుగుతాడు. చెయ్యి కొలత మర్చిపోలేదు. అన్నీ ఒక్కటి కూడా విరగకుండా వచ్చాయి. నా చేతులంటే నాకు అసహ్యం వేసింది.

నవంబరు 6, గురువారం

ఎదుటి మంచం ఆయన భార్య బొడ్డమ్మ. అక్కుపల్లి, సముద్రం మీద బతికేవాళ్లు. మొగుడు మెషీన్ మీద, ఇప్పుడు కొడుక్కి కూడా అంకె వచ్చిందట. అప్పలరాజు, ఇరవై ఆరేళ్లు, బోటు మీద వెళతాడు. మూడు. మెషీన్ ఇంకా అక్కర్లేదన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ చెబుతుంటే మావ మెడ తిప్పి నా సంచి వైపు చూపించాడు.

"ఆ డబ్బా ఇచ్చీ. కుర్రోడు తింతాడు. ఈటి తినే నాను ఇన్నాల్లు ఆగినాను" అన్నాడు.

ఇచ్చాను.

నవంబరు 7

ఒక్క డబ్బాకి ఏమవుతుంది. ఆ కుర్రాడు చేపలు తింటూనే ఉంటాడు, పప్పు తింటూనే ఉంటాడు. ఎనిమిది జంతికలు.

నవంబరు 10

బొడ్డమ్మ మళ్లీ అడిగింది. ఊరికే వద్దు, డబ్బులు తీసుకో అంది. మావ ఒప్పుకోలేదు, మన మనిషే అన్నాడు. ఆవిడ ఎండుచేపలు మూట కట్టి తెచ్చింది.

ఇచ్చాను. చెప్పడానికి నోరు తెరిచాను, మావ నా మొహంలోకే చూస్తున్నాడు.

ఎండుచేపలు ఇంట్లో ఎవరూ తినకూడదు, అంత ఉప్పు. అటక మీద పెట్టాను. ఇల్లంతా వాసన.

నవంబరు 13

బొడ్డమ్మ కొడుక్కి నోరు చప్పగా ఉంటోందట. అన్నం వద్దంటున్నాడట, జంతికలైతే కరకరా నమిలేశాడట. ఆవిడ సంతోషంగా చెబుతోంది. ఈ డైరీలో జూన్‌లో నేను రాసిన మాటలే ఆవిడ నోట్లోంచి వస్తున్నాయి. ఇంటికొచ్చి మొదటి నుంచి చదివాను. జూలై పదో తారీఖు దగ్గర ఆగిపోయాను. 'జనం ఎక్కువ. అడగలేదు.' ఆ రోజు జనం ఎక్కువేమీ లేరు. సిస్టర్ కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. వద్దంటుందేమోనని అడగలేదు. అప్పటికి నాకు కుదురుతోంది, మావ తింటున్నాడు, ఎవరూ అడ్డం రాకూడదనిపించింది.

ఇది మాత్రం నిజం రాశాను.

నవంబరు 16

రేపు సోమవారం. రెండు డబ్బాలు తెమ్మని బొడ్డమ్మ ఫోన్ చేసింది. మావ పిండి మర పట్టించుకొచ్చాడు, మెషీన్ ఎక్కాక ఇన్నాళ్లకి సైకిల్ తొక్కాడు. నేను తిప్పుతుంటే పక్కన కూర్చుని డబ్బాలో సర్దాడు.

నవంబరు 17, సోమవారం

చెప్పేశాను.

సంచిలోంచి డబ్బాలు తీయలేదు. బొడ్డమ్మ మంచం పక్కకి వచ్చి చెయ్యి చాచింది. మావకి మెషీన్ ఎక్కించి గంటైంది, ఇంకా మూడు గంటలు కదలడానికి లేదు. వేరే చోటికి తీసుకెళ్లి చెప్పొచ్చు. వరండాలో చెప్పొచ్చు. అలా చేస్తే మావకి ఎప్పటికీ చెప్పనని నాకు తెలుసు.

మీ అబ్బాయికి ఇవి పెట్టొద్దు బొడ్డమ్మా అన్నాను. ఇవి మెషీన్ ఎక్కినవాళ్లకే, ఎక్కనివాళ్లకి చెరుపు చేస్తాయి, నాకు తెలియక మా ఆయనకి రెండున్నర నెలలు పెట్టాను, ఆయన అంకె అలాగే పెరిగింది, సిస్టర్ చెప్పింది, తెలిసి కూడా నీకు రెండుసార్లు ఇచ్చాను అన్నాను. అంతా ఒక్క ఊపిరిలో అన్నాను.  బావ కళ్లు మూసుకున్నాడు.

బొడ్డమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది.

"ఇంట్లో ఇంకో సగం డబ్బా ఉన్నాది" అంది. "ఈపాటికి తినేత్తాడేమో." కొడుక్కి ఫోన్ చేయడానికి వరండాలోకి పరుగెత్తింది. సిగ్నల్ దొరక్క అటూ ఇటూ తిరగడం అద్దంలోంచి కనబడింది.

నేను మావ వైపు చూడలేకపోయాను. చూసేసరికి పైన తిరిగే ఫ్యాన్ చూస్తున్నాడు. మూడు గంటలూ అలాగే. మధ్యలో సిస్టర్ వచ్చి బీపీ చూసి, పడిపోయింది, ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు.

ఆటోలో బావ ముందు కూర్చున్నాడు, మేం వెనక. పూండి దాటాం. నేను తిడతాడనే కోరుకుంటున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎప్పుడు తెల్సింది నీకు?" అన్నాడు.

ఆగస్టు ముప్ఫై అన్నాను.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు.

"తెలీక పెట్టినావు. అది నాను అడగను. ఇన్నాల్లూ అందరికాడా నీ సెయ్యి గురించి సెప్పుకుంటా తిరిగినాను. సూత్తా ఊరుకున్నావు గదే."



నవంబరు 18

బొడ్డమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం వాళ్ల అబ్బాయే చేశాడు. అమ్మ మాట్లాడనంటోందని, మిగిలినవి సముద్రంలో పోసేశానని, గురువారం రక్తం ఇస్తానని చెప్పాడు. నన్ను పిన్నీ అన్నాడు. ఆ పిలుపుకి నేను తగను.

నాలుగు షాపులకీ మళ్లీ వెళ్లాను. ఈసారి ఎందుకో చెప్పాను. కొన్నవాళ్లు ఎవరైనా గుర్తుంటే చెప్పండి, నేనే వాళ్ల ఇళ్లకి వెళ్లి చెప్పుకుంటాను అన్నాను. ఒక షాపాయన ఆరు ఇళ్లు చెప్పాడు. రాసుకున్నాను. రేపు హరిశ్చంద్రపురం వైపు రెండు, ఎల్లుండి మిగిలినవి.

ఇంటికొచ్చేసరికి మావ అరుగు మీద ఉన్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని బావ చెప్పాడు. రెండు గుడ్లు ఉడకబెట్టి, పచ్చసొన తీసేసి, తెల్లభాగం పళ్లెంలో పెట్టి తెచ్చి ముందు పెట్టాను. ఉప్పు వేయలేదు.

పళ్లెం వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. నేను పక్కనే నిలబడి ఉండగా అశ్విని సిస్టర్‌కి చేసి, గుడ్డు తెలుపు రెండు తినొచ్చా అని అడిగాడు. ఆవిడ తినమన్నట్టుంది.

అప్పుడు తిన్నాడు.